బిగ్ హౌస్‌ను బాక్సులు ముంచలేదు

అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 70 కోట్ల డాలర్ల ప్రాజెక్టు పెట్టుకుని తమ ఫుట్‌బాల్ మైదానం బీవర్ స్టేడియం పడమటి వైపు కూల్చి, లగ్జరీ బాక్సులు (డబ్బున్నవాళ్లు అద్దెకు తీసుకునే గాజు గదులు), క్లబ్ సీట్లతో (ఖరీదైన ప్రత్యేక సీట్లు) మళ్లీ కడుతున్నారు కదా, అప్పటి నుంచి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "బాక్సులు వస్తే కాలేజ్ ఫుట్‌బాల్ పని అయిపోయినట్టే, మామూలు ఫ్యాన్ సీటు పోతుంది, సందడి పోతుంది, ఖర్చేమో పిల్లల ఫీజుల్లోంచి లాగుతారు, కావాలంటే మిషిగన్‌ను చూడండి" అని. సరే, మిషిగన్‌నే చూద్దాం. నేనుండేది ఆ మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్‌కి అరగంట దూరంలోనే.

ముందు సీటు సంగతి. బిగ్ హౌస్ అని అందరూ పిలిచే మిషిగన్ స్టేడియం 1927 నాటిది. 2010లో రెండు పక్కలా 81 బాక్సులు, మూడు వేల పైచిలుకు క్లబ్ సీట్లు వచ్చాయి, ఖర్చు 22.6 కోట్ల డాలర్లు. పనులకు ముందు మొత్తం సీట్లు 1,07,501. పూర్తయ్యాక 1,09,901. 2015లో 1,07,601కి తగ్గించారు, అంటే ఇప్పటికీ పాత లెక్క కంటే ఒక వంద ఎక్కువ! "అందులో బాక్సులవి తీసేస్తే బెంచీలు తగ్గినట్టే కదా" అంటారా, నిజమే, ఒప్పుకుంటాను. కానీ లక్షలో నాలుగైదు వేలు తగ్గితే మామూలు ఫ్యాన్ గల్లంతైపోయాడనడం మరీ ఎక్కువ.

ఇక సందడి. ఇది విని నాకు నవ్వొచ్చింది. భూమిలోకి తవ్వి కట్టిన గిన్నె లాంటి స్టేడియం అది, పాత రోజుల్లో లక్ష మంది అరిచినా సగం అరుపు ఆకాశంలోకే పోయేది. పక్కన లేచిన ఆ కట్టడాలు ఇప్పుడు దాన్ని మళ్లీ లోపలికే తోస్తాయి. జనం తగ్గారా అంటే అదీ లేదు, 2013లో నోటర్ డామ్‌తో రాత్రి మ్యాచ్‌కి 1,15,109 మంది వచ్చారు, ఈ స్టేడియం రికార్డు అదే.

ఫీజుల మాట మిషిగన్ విషయంలో తప్పు. బాండ్ల మీద అప్పు తెచ్చి, బాక్సుల అద్దెలు, విరాళాలతో తీర్చుకుంటామని, ట్యూషన్ డబ్బు ముట్టుకోమని అప్పుడే చెప్పారు. విద్యార్థుల దగ్గర ఆటల ఫీజు వసూలు చేసే కాలేజీలు వేరే చాలా ఉన్నాయి, ఆ కోపం అక్కడ చూపించండి.

మెసేజ్‌లో లేనిది ఇంకొకటి. వీల్‌చెయిర్ సీట్లు చాలవని 2007లో పక్షవాతం వచ్చిన మాజీ సైనికుల సంఘం కోర్టుకెళ్లింది. స్టేడియానికి మార్పులు చేస్తున్నప్పుడే కదా వికలాంగులకు సౌకర్యాలు ఉండాలనే చట్టం గట్టిగా పట్టుకునేది. 2008లో రాజీ కుదిరి, 2010 కల్లా అవి 300 దాటాయి.

అసలు మామూలు ఫ్యాన్ జేబుకు చిల్లు పెట్టిందేంటో చెప్పనా? సీటు విరాళం. మంచి సీటు ఉంచుకోవాలంటే టికెట్ ధర కాకుండా ఏటా పైన ఇంత కట్టాలనే పద్ధతి మిషిగన్‌లో 2005లోనే మొదలైంది, బాక్సుల కంటే ఐదేళ్ల ముందు. పైగా 2017 దాకా ఆ విరాళంలో 80 శాతానికి పన్ను మినహాయింపు కూడా ఉండేది. ఇప్పుడు 2025 కోర్టు ఒప్పందంతో ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకు డబ్బు పంచవచ్చు, తొలి ఏడాది 2025-26లో పరిమితి 2.05 కోట్ల డాలర్లు, ఆ డబ్బు కోసం రేపు ఎవరి సీటు మీద ఎంత వేస్తారో చూడాలి. గాజు వెనకాల ఒకాయన వెచ్చగా కూర్చుంటే నాకేం నష్టం, నవంబరు చలిలో మూడు స్వెటర్లేసుకుని, వెనకాయన మోకాళ్లు వీపులో గుచ్చుకుంటున్నా 72వ వరుస బెంచి మీద నేను బాగానే ఉన్నాను.