బావమరిది రివాల్వర్‌కి మూడు నామాలు

ముప్పై నాలుగేళ్లు దస్తావేజుల మీద ముద్రలు కొట్టి రిటైరైనవాణ్ణి. బంధువుల్లో ఎవరికి ఏ సీలు అర్థం కాకపోయినా నాకే ఫొటో తీసి పంపుతారు. మొన్న బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా బావమరిది పదకొండు ఫొటోలు పంపాడు. వెబ్లీ మార్క్ సిక్స్ రివాల్వర్. పక్కన 1917 అని ఉంది. పేలకుండా చేసి అమ్మిన బాపతు, హాల్లో గోడకు తగిలించుకోవడానికి కొన్నాడట. దాని ఒంటి మీద కిరీటాలూ, బాణాలూ, కత్తులూ. "బావా, ఇది కచ్చితంగా ఎవరో రాజుగారిదే" అని కింద రాశాడు.

ఇక ఫ్యామిలీ గ్రూపు ఊరుకుంటుందా? మా పెద్దన్నయ్య ఓ గీతల గుర్తు చూసి, "ఇవి మూడు నామాలు, తలకిందులుగా ఉన్నాయంతే. వైష్ణవుడెవరో వాడాడు" అని తేల్చేశాడు. అన్నయ్య అన్నదాంట్లో సగం నిజముంది. అది బ్రిటిష్ ప్రభుత్వం తన సొత్తుకు పెట్టుకునే బాణం గుర్తు. ఫిరంగి నుంచి సైనికుడి బూటు దాకా దేనికి పడితే దానికి ఆ నామం పెట్టారు. 1922 దాకా అక్కడి ఖైదీల బట్టల మీద కూడా అదే గుర్తు. అంటే దొంగ ఒంటి మీదా, దొంగను పట్టుకునేవాడి తుపాకీ మీదా ఒకటే నామం.

రెండు బాణాలు ముక్కూ ముక్కూ రాసుకుంటున్నట్టు ఉన్నచోట మా మేనల్లుడికి నక్షత్రం కనబడింది, గూఢచారి సంస్థ కూడా కనబడింది. అదేం కాదు నాయనా, "ఇది ఇక సర్కారుది కాదు, అమ్మేశాం" అని దానర్థం. మా భాషలో చెప్పాలంటే క్రయ దస్తావేజు.

కిరీటం సంగతి చెప్పడానికే నాకు బాధగా ఉంది. కిరీటం కింద ఓ అంకె, దాని కింద ఓ అక్షరం ఉంటే, అది తనిఖీ చేసిన ఉద్యోగి గుర్తు. రాజుగారు ఆ తుపాకీని కన్నెత్తి కూడా చూసి ఉండరు. ఫలానా నంబరు గుమాస్తా ఓ మధ్యాహ్నం చూసి, ముద్ర కొట్టి, టీకి వెళ్లి ఉంటాడు. ఆ మధ్యాహ్నాలు నాకు బాగా తెలుసు.

అసలు తమాషా ప్రూఫ్ ముద్రల్లో ఉంది. బర్మింగ్‌హామ్‌లో 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పాటైన ప్రూఫ్ హౌస్, అంటే తుపాకీ పేలుడును తట్టుకుంటుందో లేదో పరీక్షించి ముద్ర వేసే ఆఫీసు ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. మామూలు తూటా కంటే ఎక్కువ మందు దట్టించి పేలుస్తారు. గొట్టం పగిలితే చెత్తబుట్టకి, నిలిస్తే ముద్రకి. రివాల్వర్‌కైతే తూటాలు పెట్టే ఆరు గదులకూ విడివిడిగా కొడతారు. సైన్యం తన పరీక్ష తాను చేసుకునేది. కానీ యుద్ధం చేసొచ్చిన తుపాకీ అయినా సరే, జనానికి అమ్మాలంటే ఇక్కడ మళ్లీ పేల్చి చూపించాల్సిందే. ఏటా లైఫ్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లి బతికే ఉన్నామని నిరూపించుకునే మాలాంటివాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

"టన్నులు అని కొట్టుంది బావా, తూస్తే కిలో పైచిలుకే ఉంది, మోసపోయానా?" అని బావమరిదికి టెన్షన్. ఒరేయ్, అది బరువు కాదు, చదరపు అంగుళానికి ఎన్ని టన్నుల ఒత్తిడో చెప్పే లెక్క!

ఇక పదకొండో ఫొటో. అడ్డంగా పెట్టిన కత్తులు, సంవత్సరం అంకెలు, రెండు అక్షరాలు: డీఏ, అంటే డీయాక్టివేటెడ్, పేలకుండా చేసింది. ఒకప్పుడు "ఇది భేషుగ్గా పేలుతుంది" అని ముద్రలు కొట్టిన ఊళ్లోనే, ఆ ప్రూఫ్ హౌస్‌లోనే, గొట్టం మూసేసి తెచ్చాక "ఇది చచ్చినా పేలదు" అని ఇంకో ముద్ర కొట్టి, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. రెండు ముద్రలూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి పట్టించుకోకుండా. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నా చేత్తో నేనూ ఒకే స్థలానికి... సరే, అది వేరే కథ.

జవాబంతా టైపు చేసి, చివర్లో "డీఏ పడింది, నిజమే, ఖాయం" అని పంపాను. పొరపాటున అది మా పెన్షనర్ల గ్రూపులోకి వెళ్లింది. రాత్రి పదకొండు దాకా ఫోన్ మోగుతూనే ఉంది, ఎంత శాతమని.