వీపు మీద పేరు

జెర్సీ శనివారం వచ్చింది. ఆటగాడు మంగళవారం పోయాడు. పోయాడంటే కాలం చేశాడని కాదు. నిక్షేపంగా ఉన్నాడు, మునుపటికంటే బాగా ఉన్నాడు. క్లబ్బు మారాడంతే. జెర్సీ మీద వేయించిన ఆ ఫుట్‌బాల్ ఆటగాడి పేరు నా వీపు మీద పరువుగా బతికింది ఒక్క ఆదివారమే. సోమవారం ఉతుకుడుకు వెళ్ళింది.

పేరు వేయించొద్దని మా మిత్రుడు ముందే చెప్పాడు. ఫుట్‌బాల్ చూడటంలో నాకంటే పదేళ్ళు సీనియరు, మనసు విరగ్గొట్టుకోవడంలో ఇరవయ్యేళ్ళు. "ఒట్టి క్లబ్బు బ్యాడ్జీ ఉన్నది తీసుకోరా. బ్యాడ్జీ ముందుంటుంది, కళ్ళెదుటే ఉంటుంది. పేరు వెనకుంటుంది, ఎప్పుడు జారుకుందో నీక్కూడా తెలీదు" అన్నాడు.

"వీడు అలాంటివాడు కాదు" అన్నాను.

నా దగ్గర సాక్ష్యం ఉంది. మూడు వారాల కిందట గోలు కొట్టి, కెమెరా వైపు పరుగెత్తుకొచ్చి, గుండె మీది బ్యాడ్జీని ముద్దు పెట్టుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోది నాకే అనిపించింది. ధర పెంచమని ఏజెంటుకు చేసిన సైగేమో అనే ఆలోచన అప్పట్లో రాలేదు.

ఈ ముద్దుల చరిత్ర నాకు తెలియక కాదు. ఇంగ్లండ్ ఆటగాడు వేన్ రూనీ ఎవర్టన్ క్లబ్బు కుర్రాడిగా ఉన్న రోజుల్లో జెర్సీ పైకెత్తి లోపలి బనీను చూపించాడు. ఒకసారి నీలమైతే ఎప్పటికీ నీలమే అని దాని మీద రాసుంది. నీలం ఎవర్టన్ రంగు. 2004లో ఎర్ర జెర్సీలో, మాంచెస్టర్ యునైటెడ్‌లో తేలాడు. (2017లో మళ్ళీ ఎవర్టన్‌కే వచ్చాడు కాబట్టి బనీను అబద్ధమాడలేదని, మధ్యలో వచ్చింది పదమూడేళ్ళ విరామం మాత్రమేనని వాదించవచ్చు. నేను వాదించాను కూడా. ఎవరూ ఒప్పుకోలేదు.) బ్రెజిల్ ఆటగాడు రొబీన్యో ఇంకో రకం. 2008 సెప్టెంబరు 1న, ట్రాన్స్‌ఫర్ విండో, అంటే ఆటగాళ్ళు క్లబ్బు మారడానికి ఇచ్చే గడువు, మూసేసే రోజున, రియల్ మాడ్రిడ్ నుంచి మాంచెస్టర్ సిటీకి వెళ్ళాడు. అంతకుముందు మనసు పడింది చెల్సీ క్లబ్బు మీద. విలేకరుల ముందు కూర్చుని, చెల్సీ మంచి బేరం పెట్టింది, ఒప్పుకున్నాను అనేశాడు. మాంచెస్టర్ కదండీ అని ఒక విలేకరి అందిస్తే, ఆ, మాంచెస్టరే అని సర్దుకున్నాడు.

ఇక పోర్చుగల్ ఆటగాడు ఫిగో. 2000లో బార్సిలోనా నుంచి సరాసరి బద్ధశత్రువు రియల్ మాడ్రిడ్‌కే వెళ్ళాడు. దాదాపు 6 కోట్ల యూరోలు, అప్పటికి ప్రపంచ రికార్డు. 2002లో పాత మైదానానికి ఆడటానికొచ్చి కార్నర్ కిక్ కొట్టబోతుంటే జనం చేతికందిందల్లా విసిరారు. అందులో ఒక పందితలకాయ కూడా ఉంది. చేతికందడం మాట అలా ఉంచండి. పందితలకాయని సంచిలో పెట్టుకుని మ్యాచికి బయల్దేరిన ఆ మనిషి ఇంట్లో ఏం చెప్పి గడప దాటాడా అన్నది నాకు ఇప్పటికీ తీరని సందేహం.

ఇంత తెలిసీ పేరు వేయించాను.

మంగళవారం రాత్రి ఫోన్‌లో ఫోటో వచ్చింది. కొత్త క్లబ్బు స్కార్ఫును రెండు చేతులతో తలపైకెత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. కింద, ఇక్కడ ఆడటం తన చిన్ననాటి కల అని రాశారు. రెండేళ్ళ కిందట మా క్లబ్బులో చేరినప్పుడూ ఇదే మాట. ఒక మనిషికి ఎన్ని బాల్యాలుంటాయి?

"ఏమైందండీ, మొహం అలా పెట్టారు?" అంది మా ఆవిడ.

"వెళ్ళిపోయాడు."

"ఎవరు?"

చెప్పాను.

"మీకు పరిచయమా?"

"లేదు."

"మీకేమైనా మాటిచ్చాడా?"

"ముద్దు పెట్టాడు" అన్నాను. ఈ మాట అనకుండా ఉండాల్సింది.

తేరుకోవడానికి ఆవిడకు కొంచెం టైము పట్టింది. విషయం మొదట్నుంచీ చెప్పాక, "అక్కడ ఎక్కువిస్తారా?" అంది. మూడింతలట అన్నాను. "ఇతనికి మోకాలు చెడితే మీ క్లబ్బు ఉంచుకునేదా?" అంది. ఫుట్‌బాల్ చూడనివాళ్ళతో ఇదే చిక్కు, సరిగ్గా అడక్కూడనిదే అడుగుతారు.

ఎందుకంటే డెల్ పియరో కథ నాకు తెలుసు. 2006లో ఆయన ఆడే ఇటలీ క్లబ్బు యువెంటస్‌ను శిక్షగా రెండో డివిజన్‌కు దించేశారు. డెల్ పియరో అప్పుడే ప్రపంచకప్ గెలిచొచ్చాడు, ఏ క్లబ్బు తలుపు తట్టినా తీసేవారు. పోలేదు. ఆ రెండో డివిజన్లోనే ఆడి క్లబ్బును పైకి తెచ్చాడు. 2012లో ఒప్పందం పొడిగించకుండా ఆ క్లబ్బే ఆయన్ని సాగనంపింది. అంతకుముందు కాలం ఇంకా అన్యాయం. ఒప్పందం అయిపోయినా సరే, కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు ధర చెల్లించందే ఆటగాడు కదలడానికి లేదు. బోస్మన్ అనే బెల్జియం ఆటగాడికి జీతం కోసేసి, ఇంకో క్లబ్బుకూ పోనివ్వకపోతే కోర్టుకెక్కాడు. ఏళ్ళ తరబడి నలిగి 1995 డిసెంబరులో గెలిచాడు. ఆ తీర్పు పుణ్యాన ఆయన వెనక వచ్చినవాళ్ళంతా కోటీశ్వరులయ్యారు, ఆయన తప్ప.

ఇదంతా చెప్పేసరికి ఆవిడ, "అయితే మీ కోపం ఎవరి మీద?" అంది. నా దగ్గర జవాబు లేక మిత్రుడికి ఫోన్ చేశాను.

వాడు ఓదార్చే పద్ధతి వేరు. "నయం, మీవాడికి అవతల గేటు తీశారు" అన్నాడు. 2013 జనవరి 31న వెస్ట్ బ్రామ్ ఆటగాడు ఒడెమ్‌వింగీ, బేరం కుదరకముందే కుదిరిపోయిందనుకుని, సొంత కారు నడుపుకుంటూ లండన్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ మైదానానికి వెళ్ళిపోయాడు. కెమెరాల వాళ్ళతో కారులోంచే మాట్లాడాడు కూడా. క్లబ్బులు ఒప్పుకోలేదు, లోపలికి రానివ్వలేదు. వచ్చిన దారినే వెనక్కి. మర్నాడు పాత టీమువాళ్ళకు గుడ్ మార్నింగ్ ఎలా చెప్పాడో పాపం. 2015లో మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ డి హెయా రియల్ మాడ్రిడ్‌కు వెళ్ళాల్సింది, గడువులోగా కాగితాలు చేరక ఆగిపోయాడు. రెండు వారాలు తిరక్కుండానే యునైటెడ్‌తో కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాడు. "విధేయతలో ఇదొక రకంరా, కాగితాలు ఆలస్యమైన రకం" అన్నాడు మిత్రుడు. నాకు నవ్వు రాలేదు.

ఇలాంటప్పుడు అభిమానులు జెర్సీ తగలబెడతారు. నేనూ అనుకున్నాను. జెర్సీకి ఎంతయిందో గుర్తొచ్చి మానుకున్నాను. ద్రోహి పేరు మాత్రం ఊడపీకి, క్లబ్బును ఉంచుకుందామని తీర్మానించాను. అక్షరాలు వేడితో అతికించినవి కాబట్టి వేడితోనే ఊడతాయని ఎక్కడో చదివాను. మధ్యలో గుడ్డ వేయాలని కూడా అక్కడే రాసుందట, ఆ వాక్యం దాకా నేను రాలేదు.

ఇస్త్రీ పెట్టె ఎర్రలైటు ఆరగానే పేరు మీద పెట్టి, పళ్ళు బిగించి నొక్కాను. వాసన వచ్చింది. ఎత్తి చూస్తే సగం అక్షరాలు కరిగి ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. మిగతా సగాన్ని గోటితో గీకాను. అక్షరం పోయినచోట జిగురు మిగిలింది, జిగురుకు దుమ్ము పట్టింది. అరగంట కష్టపడ్డాక పేరు మునుపటికంటే స్పష్టంగా, దూరం నుంచి కూడా చదవడానికి వీలుగా తయారైంది. కింద ఉండాల్సిన, గోల్స్ కొట్టే స్ట్రైకర్లకిచ్చే నల్ల తొమ్మిది అంకె మాత్రం నీటుగా మాయమైంది. ఒక్క పనైనా సక్రమంగా జరిగిందనుకుని నిద్రపోయాను.

తొమ్మిది ఎక్కడికి పోయిందో ఆలోచించలేదు.

మర్నాడు ఆఫీసులో ఒక సహోద్యోగికి వీడ్కోలు. పదకొండేళ్ళు మాతో పనిచేసి, మాకు పోటీగా ఉన్న సంస్థకే వెళ్తున్నాడు. తెల్లచొక్కా వెతికి, ఆదరాబాదరాగా ఇస్త్రీ చేసి, తొడుక్కుని పరుగెత్తాను. నాలుగు మంచిమాటలు చెప్పమంటే లేచాను. ఈ సంస్థ ఆయనకు రెండో ఇల్లని, డబ్బుకు లొంగే మనిషి కాడని అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. బోర్డు మీద ఏదో రాద్దామని అటు తిరిగేసరికి వెనక నవ్వులు. చమత్కారం పండిందనుకుని ఇంకాసేపు అటే తిరిగి నిల్చున్నాను.

"మీరెక్కడ ఆడతారు, స్ట్రైకరా?" అన్నాడు మా మేనేజరు.

ఇస్త్రీ పెట్టెకు అంటుకున్న తొమ్మిది తెల్లచొక్కా వీపు మీదికి వచ్చేసింది. తిరగబడకుండా, తలకిందులు కాకుండా, మొదటి జెర్సీ మీదకంటే తిన్నగా. దాన్ని హీట్ ట్రాన్స్‌ఫర్ అంటారని ఒక కుర్రాడు వివరించాడు. ఫీజు లేని ట్రాన్స్‌ఫర్ అని ఇంకొకడు అందుకున్నాడు. రోజంతా గోడకు వీపు ఆనించి, పీతలా పక్కకు నడిచాను. అలా నడుస్తూనే, వెళ్ళిపోతున్న సహోద్యోగిని ఒక మూల పట్టుకుని, అక్కడ ఇంకో ఖాళీ ఉందేమో కనుక్కోమన్నాను.

సాయంత్రం మా ఆవిడ చొక్కాని వెలుగులో పెట్టి చూస్తూ, "ఆయన ఎందుకు వెళ్తున్నాడట?" అంది.

"జీతం బాగా ఎక్కువట. మంచి పని చేశాడు" అన్నాను.

ఆవిడ చొక్కా కిందికి దించి నా వైపు చూసింది. నేను ఫోన్ వైపు చూశాను.

అదృష్టం కొద్దీ అప్పుడే ఫోటో వచ్చింది. మా క్లబ్బు కొత్త స్ట్రైకర్ని కొనేసింది. స్కార్ఫును రెండు చేతులతో తలపైకెత్తాడు. నంబరు తొమ్మిదే. ఇక్కడ ఆడటం చిన్ననాటి కలట. ఆ కుర్రాడి కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి, నేను పెద్దది చేసి మరీ చూశాను.

"జెర్సీకి ఎలాగూ అంకె పోయింది, వేయించుకోవాలి" అన్నాను. "అంకెతోపాటు పేరు కూడా..."

ఆవిడ ఏమీ అనలేదు. ఇస్త్రీ పెట్టె చల్లారిందో లేదో వేలితో ముట్టి చూసి, తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది.