నాలుగెకరాలకు ఒక యువకుడు కావలెను

యువత వ్యవసాయానికి దూరమైపోతోందని నాకు చాలా రోజులుగా బెంగ. ఈ బెంగ ఎక్కువగా ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, కారులో ఏసీ బాగా పనిచేస్తున్నప్పుడు పుట్టుకొస్తుంది. నేను రైతుబిడ్డను. ఈ ఒక్క మాట ముందే అనేస్తే ఆ తర్వాత ఏం మాట్లాడినా చెల్లుతుందని వేదికల మీది పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నాను. మడిలో కాలుపెట్టి ఇరవై రెండేళ్లయిన మాట నిజమే కానీ, సూర్యాపేట జిల్లాలో నాలుగెకరాలకు నా పేరున పట్టాదారు పాస్‌బుక్ ఉంది కాబట్టి నేను రైతుబిడ్డనే కాదు, రైతును కూడా. ఇది నేను చెప్పుకునేది కాదు, సర్కారే ఒప్పుకుంది. 2025 జూన్‌లో పంట పెట్టుబడికని తెలంగాణ సర్కారిచ్చే రైతు భరోసా, ఎకరాకు ఆరు వేల చొప్పున ఇరవై నాలుగు వేలు, నా ఖాతాలోనే పడింది. మెసేజ్ వచ్చేటప్పటికి ఆఫీసు క్యాంటీన్‌లో పెసరట్టు తింటున్నాను, అన్నదాతగా ఒక్క క్షణం నాకే గర్వమనిపించి ఇంకో చట్నీ అడిగాను.

ఇక ఆ నాలుగెకరాల్లో దున్నించడం, నాట్లేయించడం, మందు కొట్టడం, రాత్రిపూట మోటారు దగ్గరికి పోవడం లాంటి చిల్లర పనులుంటాయి కదా, అవి మా అన్న కొడుకు చూసుకుంటాడు. ఇరవై ఏడేళ్లు, డిగ్రీ పాసయ్యాడు. కౌలు పంటకు ఎకరాన పది బస్తాలు. భరోసా పడ్డ వారానికి ఫోన్ చేశాడు.

"కాకా, పెట్టుబడంత నాదే కదనే, ఆ పైసల్ల సగమన్న నాకియ్యరాదు?"

నాకు బాధేసింది. డబ్బు గురించి కాదు, చదువుకున్న పిల్లాడికి కూడా ఇంత చిన్న విషయం తెలియనందుకు. అది రైతుకిచ్చేది రా అని ఓపిగ్గా చెప్పాను.

"మరి నేనెవర్నే?"

మంచి ప్రశ్నే. ఏ దరఖాస్తులోనూ దానికి గడి లేదు.

రైతు బీమా ఉందిగా అంటారేమో. 2018 ఆగస్టులో మొదలైన ఆ పథకం యువత మీద ఎంతో నమ్మకం పెట్టుకుంది, పద్దెనిమిదో ఏడు రాగానే చేర్చుకుంటుంది, యాభై తొమ్మిది లోపు పోతే ఇంటికి ఐదు లక్షలు. కాకపోతే దానిక్కూడా పాస్‌బుక్ కావాలి. కౌలు చేసేవాడు బతికుండగా ఎలాగూ రైతు కాడు, చచ్చి కూడా కాలేడు.

పోనీ వాళ్ల నాన్నకున్న ఎకరంన్నర వీడి పేరున రాయించుకుంటే? అక్కడా పెద్దలు ముందుచూపుతో ఆలోచించి పెట్టారు. పీఎం కిసాన్ నిబంధనల్లో 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే ఏడాదికి ఆరు వేలని రాశారు, ఆ తర్వాత పేరు మారినా లెక్కలోకి తీసుకోమన్నారు, ఒక్క మినహాయింపు, యజమాని చనిపోయి వారసత్వంగా వస్తే. అంటే తండ్రి ప్రేమతో రాసిస్తే కుర్రాడు రైతు కాడు, తండ్రి పోతే రైతు. మా అన్నకు అరవై ఒకటి, గుండ్రాయిలా ఉన్నాడు. తెల్లారి లేచి వేపపుల్ల నములుతూ గట్ల మీద తిరుగుతుంటాడు. కొడుకు భవిష్యత్తు గురించి ఆ మనిషికి బొత్తిగా పట్టింపు లేదు.

అయినా పథకాల కోసమా వ్యవసాయం? ఆదాయం సంగతి చూద్దాం. కేంద్రం చేయించిన సర్వే ప్రకారం 2018-19లో దేశంలో ఒక రైతు కుటుంబానికి నెలకు సగటున 10,218 రూపాయలు వచ్చింది. అందులో పంట మీద వచ్చింది 3,798, కూలికో జీతానికో పోతే వచ్చింది 4,063. దీన్ని చూసి కొందరు నిరాశపడుతున్నారు. నాకైతే ఆశే కనిపిస్తోంది, ఆ కాస్త వ్యవసాయం కూడా మానేస్తే కూలికి ఇంకో నాలుగు రోజులు ఎక్కువ దొరుకుతాయి కదా. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో రైతు కుటుంబం సగటు అప్పు రెండు లక్షల నలభై ఐదు వేలు, దేశంలోకెల్లా ఎక్కువ. తెలుగువాళ్లం ఏదో ఒకదాంట్లో మొదటి స్థానంలో ఉన్నందుకు సంతోషించాలి గానీ.

2025 ఆగస్టులో యూరియా దొరకనప్పుడు మావాడు ఒక ఫోటో పంపాడు. దుకాణం ముందు వరసగా చెప్పులు. మనుషులు చెట్టు కింద కూర్చుంటే వాళ్ల బదులు చెప్పులు లైన్లో నిలబడ్డాయి. ఒక తెగిన హవాయి చెప్పు, దాని వెనక బూటు, దాని వెనక పాస్‌బుక్ జిరాక్స్ మీద ఇటుక. నలభై ఐదు కిలోల బస్తా 266 రూపాయల యాభై పైసలు, దానికోసం తెల్లవారుజామున నాలుగింటికి పోతే సాయంత్రానికి ఒక్క బస్తా దొరికింది. నేనైతే నానో యూరియా వాడుకోరా, అరలీటరు సీసా జేబులో పడుతుంది, యువత టెక్నాలజీ అందిపుచ్చుకోవాలి అని వాయిస్ మెసేజ్ పెట్టాను. విన్నట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

వ్యవసాయం మీద నిజంగా ఉత్సాహం చూపిస్తున్న యువత మా ఊళ్లో లేరని కాదు. కోతులున్నాయి. పొద్దున ఆరింటికే చేలోకి దిగుతాయి, పండగలు పబ్బాలు లేవు, పట్నం పోతామని ఏనాడూ అనవు. వాటి పుణ్యమాని మక్కజొన్న, కూరగాయలు, పల్లీ అన్నీ పోయి ఊరు ఊరంతా వరి మీద పడింది.

ఆ వరి అమ్మడం గురించి కూడా చెప్పాలి. 2025లో యాసంగి ధాన్యం కల్లంలో పోసినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను, ఒక పెళ్లికి పోయి. ఏ గ్రేడు మద్దతు ధర అప్పుడు క్వింటాలుకు 2,320, బాగానే ఉంది, తేమ మాత్రం 17 శాతం దాటకూడదు. మావాడు ఎండలో రాశి మీద కాళ్లతో చాళ్లు తీస్తూ అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడుస్తున్నాడు, ఉత్త కాళ్లే. కొనుగోలు సెంటర్ అతను వచ్చి గుప్పెడు గింజలు మిషన్లో పోశాడు. 17.8. రేపు చూద్దాం అన్నాడు. సాయంత్రం మబ్బు పట్టింది, అందరూ టార్పాలిన్ల కోసం ఉరికారు, రోజు కిరాయి అప్పటికప్పుడు పెరిగింది, మావాడికి దొరికిన పట్టాకు నడిమిట్లో కన్నం. పొద్దున 21. పన్నెండో రోజు కాంటా అయింది, నలభై కిలోల బస్తాకు నలభై రెండు తూచుకున్నారు, ఆ రెండూ తరుగట. డబ్బుల కోసం నా పాస్‌బుక్ జిరాక్స్ అడిగితే నేను వెంటనే వాట్సాప్‌లో పంపాను. ఇలా మేం హైదరాబాద్‌లో ఉండి కూడా పల్లెకు అండగా ఉంటాం.

ఇంత చేసినా వాడి మొహంలో కళ లేదు, పెళ్లి కాలేదని. మాఘంలో ఒక సంబంధం చూడ్డానికి పోయాం. అమ్మాయి తండ్రికి ఆరెకరాలు, అరచేతులు చూస్తే తెలుస్తుంది నిఖార్సైన రైతని. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, "భూమి ఉండాలె, మాకదేం లేదు. పిలగాడు మాత్రం దాంట్లకు దిగొద్దు," అన్నాడు. మధ్యవర్తి మమ్మల్ని వాకిట్లోకి తీసుకొచ్చి, హైదరాబాద్‌లో ఏదో ఒకటి చేస్తున్నాడని చెప్పాల్సిందన్నా, ఏదో ఒకటైతే సరిపోయేది అని నొచ్చుకున్నాడు. దారిలో మా వదిన ఉన్నట్టుండి నన్ను, "నువ్వైతే నీ బిడ్డను రైతుకిస్తవా మర్దీ?" అంది. ఆడవాళ్లు ఇలా విషయాన్ని వ్యక్తిగతం చేస్తారు. మా అమ్మాయి అగ్రికల్చర్ బీఎస్సీ చదివింది, బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకు తయారవుతోంది. రేపు ఉద్యోగం వస్తే వీడిలాంటి కుర్రాళ్లు అప్పుకోసం వచ్చినప్పుడు భూమి కాగితాలు లేవని చెప్పి పంపేది అదే. వ్యవసాయానికి మా కుటుంబం ఇంతకన్నా ఏం చేస్తుంది?

నిన్న రాత్రి మావాడు ఫోన్ చేశాడు. మేడ్చల్ దగ్గర ఏదో గోదాములో పని దొరికిందట, నైట్ డ్యూటీ, తిండి పోను పదహారు వేలు. "కాకా, వచ్చే వానాకాలం నీ నాలుగెకరాలు నువ్వే చేస్కోరాదు, రైతువు గద," అన్నాడు. వెటకారమో అమాయకత్వమో అర్థం కాలేదు. నేను చాలాసేపు బాల్కనీలో కూర్చుని, కుండీలో కరివేపాకు మొక్కకు నీళ్లు పోసి, ఊరి గ్రూపులో ఈ ప్రకటన పెట్టాను:

"తరి భూమి నాలుగెకరాలు కౌలుకు ఇవ్వబడును. నేలతల్లి మీద ప్రేమ గల ఉత్సాహవంతులైన యువకులు మాత్రమే ఫోన్ చేయగలరు. కౌలు ముందుగా చెల్లించవలెను. భరోసా, వడ్ల బోనస్ ప్రస్తావన తేరాదు. కోతులు కౌలుదారు బాధ్యత. పెళ్లయినవారికి ప్రాధాన్యం, మధ్యలో వదిలి వెళ్లరు కనుక."