తెలుగు మాటకు తెలుగు అక్షరం ఏదీ?

విజయనగరంలోని మా ఇంట్లో, రాత్రి భోజనాలయ్యాక, వినికిడి బాగా తగ్గిపోయిన మా అమ్మ ఫోనులో తెలుగు సినిమా పెట్టుకొని, పాత్రల పెదవులనే చూస్తూ కూర్చొని, సన్నివేశం ముగియగానే నా మోచేయి తట్టి "ఏటంతన్నాడ్రా?" అని అడుగుతుంది. డబ్బు కట్టి తీసుకున్న ఆ యాప్‌లో క్యాప్షన్లు, అంటే మాటలను తెర మీద చూపే అక్షరాలు, లేకపోలేదు, కానీ అవి ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగు మాత్రమే చదవగలిగిన ఆమెకు తెలుగు సినిమాలోని తెలుగు మాటే అందదు.

యంత్రం తయారుచేసే క్యాప్షన్లు మరీ బాధాకరం. మన వైపు ఆడపిల్లను 'గుంట' అంటాం. ఒక వీడియోలో ఒకామె "మా గుంటకి జొరమొచ్చింది" అంటే, తెర మీద 'మా గంటకు జనం వచ్చింది' అని పడింది. తలుపు చప్పుడు, ఉరుము, మాట్లాడుతున్నది ఎవరన్న సూచన అసలే ఉండవు.

టీవీలో క్యాప్షన్లతో ప్రసారమైన కార్యక్రమాన్ని ఇంటర్నెట్‌లో పెట్టినా క్యాప్షన్లు ఉండాలని అమెరికాలో 2010 నాటి చట్టం నిర్దేశించింది. మన దేశంలోనూ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, ఎలక్ట్రానిక్ మాధ్యమాలలో క్యాప్షన్లు ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని స్పష్టంగా చెబుతోంది. మాటకూ అక్షరానికీ సమయం కుదర్చడానికి మనుషులు కావాలనీ, పాత సినిమాలన్నిటికీ ఆ పని చేయడం ఖర్చుతో కూడుకున్నదనీ సంస్థలు చెప్పే ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయితే కొత్త సినిమా సంభాషణలు ముందే తెలుగులో రాసి ఉంటాయి కదా. వాటిని ఇంగ్లీషులోకి మార్చడానికి దొరికిన మనిషి, ఉన్నదున్నట్టు తెర మీద పెట్టడానికి ఎందుకు దొరకడు?