లైడార్ వచ్చినంత మాత్రాన తవ్వకాలకు కాలం చెల్లదు

విమానం నుంచి లేజర్ కిరణాలతో నేలను కొలిచే లైడార్, ఉపగ్రహ చిత్రాలు, నేలలోకి తరంగాలు పంపే రాడార్ వచ్చాక పురావస్తు తవ్వకాలతో పనిలేదనీ, భూమి కింద ఉన్నదంతా యంత్రాలే చూపిస్తున్నాయనీ, ఎవరూ ఎరుగని నగరాలు గదిలో కూర్చున్నవారికే దొరుకుతున్నాయనీ ఒక సందేశం విస్తృతంగా ప్రచారమవుతోంది. ఆ సాధనాల మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఆ గౌరవం వల్లనే ఈ మాటలను ఖండించవలసి వస్తోంది.

లైడార్ నేల లోపలికి చూస్తుందనడం మొదటి పొరపాటు. లేజర్ కిరణం మట్టిలోకి దిగదు. విమానం నుంచి వదిలిన కిరణాల్లో కొన్ని ఆకుల సందుల్లోంచి దూరి నేలను తాకి తిరిగి వస్తాయి. చెట్లకు తగిలి వచ్చినవాటిని తీసివేస్తే మిగిలేది నేల ఎగుడుదిగుళ్ల పటం. దిబ్బగానో గట్టుగానో కాలువగానో పైకి ఆనవాలు మిగిలినవే అందులో కనిపిస్తాయి. అది చిన్న మేలేమీ కాదు: మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో మాయా నాగరికతకు చెందిన కరాకోల్ అనే ప్రాచీన నగరంలో పాతికేళ్ల పాటు అడవిలో నడిచి కొలిస్తే 23 చదరపు కిలోమీటర్ల పటం తయారైంది, 2009లో లైడార్ కొద్ది రోజుల్లోనే 200 చదరపు కిలోమీటర్లను కొలిచింది. అయితే ఆ పటాన్ని ధీమాగా చదవగలిగింది అక్కడ ఏళ్ల తరబడి తవ్వి చూసినవారే.

రెండో మాట, రాడార్ చూపించిందంటే అక్కడ ఉన్నట్టే అన్నది, ఇంకా ప్రమాదకరమైనది. రాడార్ తెర మీద కనిపించేది రాయీ కాదు, గోడా కాదు. విద్యుత్ గుణాలు వేరైన రెండు పదార్థాలు కలిసేచోట తరంగం వెనక్కి తిరిగిన జాడ మాత్రమే. ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన శిలావలయానికి దగ్గరలో డరింగ్టన్ వాల్స్ అనే పురాతన స్థలంలోని మట్టికట్ట కింద సుమారు 90 భారీ శిలలు పాతి ఉండవచ్చని 2015లో ప్రకటించారు. వార్త ప్రపంచమంతా పాకింది. మరుసటి ఏడాది ఆ జాడల్లో రెండింటిని తవ్వి చూస్తే రాయి లేదు. ఒకప్పుడు పెద్ద కొయ్య స్తంభాలు నిలబెట్టి, తరవాత వాటిని పెకలించి, సుద్దరాతి ముక్కలతో పూడ్చిన గుంతలు బయటపడ్డాయి. యంత్రం అబద్ధం చెప్పలేదు, గుంతలు నిజంగానే ఉన్నాయి. వాటిలో ఏముందన్నది మాత్రం పార దిగాకే తేలింది. ప్రాచీన ఈజిప్టు రాజు టూటన్‌ఖామెన్ సమాధి గోడల వెనుక గదులున్నాయని 2015లో ఒక రాడార్ పరిశీలన చెప్పింది, 2018లో మరింత విస్తృతంగా చేసిన పరిశీలన లేవని తేల్చింది. పైగా తడి బంకమట్టిలో రాడార్ తరంగం కాస్త దూరం పోయేసరికే బలహీనపడుతుంది. అక్కడ ఏమీ కనిపించకపోతే ఏమీ లేదని అర్థం కాదు.

ఎవరికీ తెలియని నగరాలన్న మాటకు కంబోడియాలో కొండ మీది మహేంద్రపర్వతం అనే ప్రాచీన నగరమే సమాధానం. 2012 నాటి లైడార్ సర్వే దాని వీధుల అమరికను అద్భుతంగా చూపింది. కానీ ఖ్మేర్ రాజు రెండో జయవర్మన్ అక్కడ పాలించిన సంగతి 11వ శతాబ్దపు శాసనంలోనే ఉంది, ఆ కొండ మీద పరిశోధకులు దశాబ్దాల క్రితమే పనిచేశారు.

ఇక గదిలో కూర్చుని కనుగొనడం. ఉపగ్రహ చిత్రంలోని చతురస్రాన్ని చూసి మాయా నాగరికత నాటి నగరం దొరికిందని 2016లో కెనడా విద్యార్థి ఒకరు చెప్పారు. అది వదిలేసిన పొలం కావచ్చని ఆ ప్రాంతాన్ని ఎరిగిన నిపుణులు అన్నారు. ఆ కుర్రవాడి కుతూహలాన్ని తప్పుపట్టలేం, నేల మీద పరీక్షించకముందే దాన్ని వార్త చేసినవారిని తప్పుపట్టాలి. చిత్రం ఆకారాన్ని ఇస్తుంది గానీ వయసును ఇవ్వదు. వయసు చెప్పేవి వరుసలుగా నడుస్తూ ఏరిన కుండపెంకులు, పొరల్లో దొరికిన బొగ్గు.

ఇటలీలోని ఫలేరీ నోవీ అనే రోమన్ పట్టణంలో మాత్రం 30 హెక్టార్ల మేర పట్టణ ప్రణాళిక మొత్తాన్ని రాడార్‌తోనే గీసి 2020లో ప్రచురించారు. ప్రచారకుల వాదనకు ఇంతకంటే బలమైన ఉదాహరణ లేదు, దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఒకసారి తవ్విన పొరను మళ్లీ తవ్వలేం కాబట్టి, తవ్వకుండా తెలుసుకోగలిగినదంతా అలాగే తెలుసుకోవాలి. అయినా ఏ గోడ ఏ శతాబ్దంలో లేచిందో ఖాయంగా చెప్పాలంటే అక్కడ కూడా ఒక కందకం తవ్వాలి. అది ఎక్కడ తవ్వాలో, ఎంత చిన్నదైతే చాలునో ఇప్పుడు ఆ పటం చెబుతుంది.