ప్రాచీన సాహిత్యానికి స్కోపు లేదన్నదెవరు?

మా బావమరిది కొడుకు ఇంజనీరింగు సీటును కాదని, ప్రాచీన తెలుగు సాహిత్యం చదువుతానన్న నాటి నుంచి కడపలోని మా బంధువర్గమంతా వంతులవారీగా పరామర్శకు వస్తోంది. అందరిదీ ఒకటే ప్రశ్న: దానికి స్కోపు ఏముంది? ఇతర జిల్లాలవారు ఇలా భయపడితే అర్థం చేసుకోవచ్చు గానీ, కడపవారికి ఇది బొత్తిగా తగదు.

ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 నాటిది; తొలి తెలుగు శాసనంగా చెప్పేది దాన్నే. అంటే మన భాష రాతకెక్కీ ఎక్కగానే సర్కారు కొలువులో చేరిందన్నమాట; డీఎస్సీ ప్రకటన కోసం ఎదురుచూడలేదు.

జీతభత్యాల మాటకొస్తే, అల్లసాని పెద్దన ఎదురైనప్పుడు కృష్ణదేవరాయలు ఏనుగునాపి, చెయ్యందించి ఎక్కించుకున్నాడట. పల్లకీని తానే పట్టి మోశాడట. కోకటం మొదలైన అగ్రహారాలెన్నో ఇచ్చాడట. ఇదంతా పెద్దన పేర ఉన్న పద్యంలోనే ఉంది కనుక, లబ్ధిదారుడి స్వీయ ధ్రువీకరణగా స్వీకరించవచ్చు. ఇక శ్రీనాథుడు చివరి రోజుల్లో బొడ్డుపల్లెలో సేద్యానికి దిగి, ఏడు వందల టంకాలు చెల్లించలేక అవస్థపడ్డట్టు చాటుపద్యం చెబుతుంది. కవిత్వంలో ఉన్నన్నాళ్ళు బంగారంతో అభిషేకం చేయించుకున్నవాడు వ్యవసాయంలో కాలుపెట్టగానే మునిగిపోయాడన్న సంగతిని రాయలసీమ రైతుకు విడమరచి చెప్పనక్కరలేదు.

1820లలో సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులను చేరదీసి, తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించి, సొంత డబ్బుతో జీతాలిచ్చి అప్పులపాలయ్యాడు. సిబ్బందికి జీతాలు అందుతుండగా యజమాని దివాలా దారి పట్టిన సంస్థను మరొకదాన్ని చూపించండి! ఎర్రముక్కపల్లెలో ఇప్పుడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రం ఉంది. కాబట్టి ఈ రంగంలో నియామకాలు ఆగిపోలేదు. రెండు వందల ఏళ్ళుగా కొంచెం మందగించాయి, అంతే. 2008లో కేంద్ర ప్రభుత్వం తెలుగుకు ప్రాచీన హోదా కూడా ఇచ్చింది. మొదటి విడతలో హోదా భాషకు వచ్చింది. చదివినవారికి తరువాతి విడతలో రావచ్చు.

ఇవన్నీ మా బావమరిదికి సావధానంగా వివరించాను. అతడు చాలాసేపు ఆలోచించి, "అదంతా సరేగానీ బావా, ఆ కోకటం మన కమలాపురం పక్కదే కదా, అక్కడ సెంటు ఎంత పలుకుతాందో కనుక్కో" అన్నాడు.