ఫ్రేసినే మంత్రిగారి దూరదృష్టి

ఫ్రాన్స్ పల్లెసీమల్లో మోటారు వాహనం చప్పుడు చెవినపడకుండా, సన్నకంకర దారుల మీద రోజంతా సైకిలు తొక్కుకోవచ్చని, ఆ భాగ్యం కోసం సముద్రాలు దాటి కూడా జనం వస్తున్నారని చాలామందికి తెలుసు. ఆ భాగ్యం ఎవరి చలవో చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం చరిత్రకారులు అందరినీ తలచుకొని, అసలు మహానుభావుణ్ణి మరచిపోయారు. ఆయన పేరు షార్ల్ ద ఫ్రేసినే. నాలుగుసార్లు ప్రధానమంత్రి పదవి అలంకరించిన ఈ పెద్దమనిషి, ప్రజాపనుల మంత్రిగా ఉండగా ప్రతి చిన్న పాలనా కేంద్రానికీ రైలు వెళ్ళి తీరాలని సంకల్పించి, 1879లో దాదాపు 9 వేల కిలోమీటర్ల కొత్త రైలుమార్గాలకు చట్టం చేయించారు. అంతటితో ఊరుకోక, ముఖ్యమైన పడవ కాలువల మీది లాకులు 39 మీటర్ల పొడవు, 5.2 మీటర్ల వెడల్పు ఉండాలని అదే సంవత్సరం ఇంకొక చట్టం తెచ్చారు. సరుకు రవాణా కోసమే ఇదంతా చేశారని గిట్టనివారు అంటారు. రెండు చక్రాలూ సమానంగా ఉండి గొలుసుతో నడిచే నేటి తరహా సైకిలు ఇంగ్లండు బజారులోకి వచ్చినది 1885లో. అంటే ఇంకా పుట్టని బిడ్డకు ఆరేళ్ళ ముందే ఉయ్యాల కట్టించిన ఘనుడు ఆయన.

పథకం ఎంత నిగూఢమైనదో గమనించండి. ముందు రైళ్ళు వచ్చి పడవలను పస్తులు పెట్టాయి. గుర్రాలు పడవలను తాళ్ళతో లాగుతూ నడిచిన కాలువగట్లు అలా ఖాళీ అయ్యాయి. తరువాత కార్లు, బస్సులు వచ్చి ఆ రైళ్ళకు అదే గతి పట్టించాయి. పట్టాలు పీకిన కట్టలు మిగిలాయి. కొండల మధ్య ఇంత మెత్తని వాలుతో దారి వేయమని ఏ సైక్లిస్టు దరఖాస్తు పెట్టినా ఏ ప్రభుత్వమూ చిల్లిగవ్వ విదిలించదు. బరువు లాగే ఆవిరి ఇంజను నిటారు చడావు ఎక్కలేదు కనుక లోయలను చుట్టి, కొండలను తొలిచి, వంతెనలు కట్టి, సుకుమారంగా పైకి తీసుకువెళ్ళారు. ఆ సుకుమారమంతా ఇప్పుడు మన పిక్కలకు దక్కింది.

ఆర్దెష్ జిల్లాలోని దోల్చే వియా దారినే తీసుకుందాం. రోన్ నది ఒడ్డున లా వూల్త్ పట్టణం దగ్గర మొదలై, ఎయిరియూ లోయ వెంబడి, వెయ్యి మీటర్లు దాటిన ఎత్తులో ఉన్న సెంతాగ్రెవ్ వరకూ వెళుతుంది. కొమ్మలతో కలిపి దాదాపు 90 కిలోమీటర్లు. చాలావరకు అదిమిన సన్నకంకరే. వాన పడితే అది ముద్దగా మారి, లక్షలు పోసి కొన్న సైకిలుకు ఉచితంగా సున్నం వేసి పెడుతుంది. ఇది ఒకప్పటి మీటరుగేజి రైలుమార్గం. 1968లో ఆ రైలు ఆగిపోయింది. అయిదేళ్ళు తిరిగేసరికి, అంటే 1973కల్లా, జిల్లా మొత్తంలో మామూలు ప్రయాణికుల రైలు ఒక్కటీ మిగలలేదు. ఐరోపాలోని ఫ్రాన్స్ భూభాగంలో ఈ స్థాయి నిశ్శబ్దాన్ని సాధించిన జిల్లా మరొకటి లేదు. ఈ ఘనతకు తగిన పతకం ఏదీ ఇంతవరకూ ప్రకటించకపోవడం విచారకరం.

పేరు విషయంలో కూడా ఫ్రెంచివారి పట్టుదల ప్రశంసనీయం. పరభాషాపదాల దాడి నుంచి తమ భాషను కాపాడుకోవడానికి 1994లో ఏకంగా ఒక చట్టం చేసుకున్న దేశం, తన దారికి ఇటాలియన్ పేరు పెట్టుకొని, దాని మీద తొక్కే సైకిలును మాత్రం ఇంగ్లీషులో ‘గ్రావెల్’ అని పిలుచుకుంటున్నది. నిజానికి ఆ మాట పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి పోయినదే. ముడిసరుకుగా ఎగుమతి అయిన గులకరాయి కొన్ని శతాబ్దాల తరువాత వేల యూరోల సైకిలుగా దిగుమతి అయింది. (మనకు గ్రావెల్ అనగానే రాత్రిపూట చెరువుగట్టు తవ్వుకుపోయే టిప్పర్లు గుర్తుకు వస్తాయి. అదొక సంస్కారం, ఇదొక సంస్కారం.)

బర్గండీలో జివ్రీ నుంచి క్లూనీ వరకు పాత రైలుకట్ట మీద 1997లో ఈ కోవలో మొట్టమొదటి ‘పచ్చదారి’ తెరిచారు. 2004లో రహదారి నియమావళి ఈ పచ్చదారికి నిర్వచనం ఇచ్చింది. పాదచారులు, గుర్రపు స్వారీ చేసేవారు, మోటారు లేని వాహనాలు తప్ప మరెవ్వరూ రాకూడదని అప్పట్లో రాసుకున్నారు. గబ్బిలాల ప్రస్తావన ఆ నిర్వచనంలో లేకపోయినా, క్లూనీకి దక్షిణాన ఉన్న బ్వా క్లేర్ సొరంగం, కిలోమీటరున్నరకు పైగా పొడవున్నది, చలికాలంలో వాటి నిద్రకు భంగం కలగకూడదని మూసివేస్తారు. సైక్లిస్టు కొండెక్కి దిగాలి. ఇందులో నాకు అభ్యంతరం లేదు. రైలును నమ్ముకున్న మనుషులకంటే సొరంగాన్ని నమ్ముకున్న గబ్బిలాలే తెలివైనవని ఋజువైంది.

బ్రెటన్ సీమలోని నాంత్-బ్రెస్త్ కాలువది ఇంకొక లీల. ఆంగ్ల నౌకలు సముద్రం మీద దారి కాస్తున్నాయని నెపోలియన్ తలపెట్టిన ఈ 360 కిలోమీటర్ల పైచిలుకు కాలువ, ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు పూర్తయింది. ఆ తరువాత గెర్లెదాన్ దగ్గర ఆనకట్ట కట్టి లాకులను ముంచేశారు. నాంత్‌లో బయలుదేరిన పడవ ఇప్పుడు బ్రెస్త్ చేరలేదు. సైకిలు చేరుతుంది. గోదావరి కాలువల మీద లాకులు చూస్తూ పెరిగినవారికి ఇందులోని వేదాంతం వేరే చెప్పనక్కరలేదు.

వాహనాలు లేవన్నారు గాని, తుపాకులు లేవని ఎవరూ అనలేదు. శరదృతువులో వేట మొదలవుతుంది, కనుక అడవిపందిని పోలని రంగు చొక్కా ధరించడం మంచిది. రొట్టెల దుకాణం సోమవారం మూసి ఉంటే, అది మీ మీద కక్ష కాదు. ఊళ్ళో మిగిలినది ఆ ఒక్క దుకాణమే అయినప్పుడు దానికీ ఒక రోజు విశ్రాంతి కావాలి.

ఇక మిగిలింది ఒక్క చిక్కు. ఇంత ప్రశాంతమైన దారిని చేరుకోవడం ఎలా? రైల్లోనే వస్తానని మొండికేసేవారు రోన్ నది అవతల, పక్క జిల్లాలో దిగి, వంతెన దాటి రావచ్చు. తక్కినవారు సైకిళ్ళను కార్ల నెత్తిన కట్టుకొని వస్తారు. సెంతాగ్రెవ్‌లో ఉండే ముసలమ్మ ఆసుపత్రికి వెళ్ళాలంటే కారో, బస్సో చూసుకోవాలి. ఒకప్పుడు ఆమె ఇంటి కింద నుంచి వెళ్ళిన రైలుదారి మీద మేము, ఊపిరితిత్తుల ఆరోగ్యం కోసం, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటాము. ఆమె చేయి ఊపుతుంది. మేమూ గంట కొడతాము.

కనుక సంబంధిత మంత్రివర్యులకు నా మనవి ఒక్కటే. నష్టాల పేరుతో మూతపడబోతున్న పల్లె రైలుమార్గాలు ఇంకా కొన్ని ఉన్నాయి. జాప్యం చేయకుండా వాటిని కూడా ఆపించి కంకర పోయించాలి. పనిలో పనిగా, దోల్చే వియా మొదట్లో కార్లు నిలుపుకునే స్థలాన్ని రెట్టింపు చేయించాలి. ఆదివారం పొద్దున పది దాటితే అక్కడ సైకిలు దించుకోవడానికి కూడా చోటు దొరకడం లేదు.